గోపాలపూర్‌లో పొద్దు ఏ వైపు గుంకుతుంది? సంజ ఫోటోలు తీయడం, దిద్దడం గురించి

బరంపురం బాటసారి | ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతూనే ఉన్నాను కాని ఫోటో పెట్టడం ఇదే మొదలు. ఈ సాయంత్రం మా బావమరిదితో కలిసి ఒడిశాలో మా బరంపురం దగ్గరి గోపాలపూర్ సముద్రతీరానికి వెళ్లాను. ఈమధ్య ఒకాయన వాడి అమ్మేసిన కెమెరా కొన్నాను, దానితో తీశాను. ఆకాశం పాలిపోయి తెల్లగా వస్తే ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో కాస్త సరిచేశాను. ఒడ్డున రెండు పడవలు, వెనక సముద్రం, నీళ్లలో సగం మునిగిన ఎర్రటి సూర్యుడు. మా వీధి సంఘం వాళ్లు కొత్త క్యాలెండరుకు ఫోటోలు అడుగుతున్నారు. జనవరి పేజీకి ఇది ఇద్దామని ఉంది. రంగులు సరిపోయాయా, ఇంకా ఎరుపు పెంచాలా? మొహమాటం లేకుండా చెప్పండి.

సరుగుడు నీడ | ఆదివారం, రాత్రి 9:40

పడవలు పెట్టిన తీరు బాగుంది. మొహమాటం వద్దన్నారు కాబట్టి ఒక్క మాట అడుగుతాను. ఇది పొద్దున తీసినదా, సాయంత్రం తీసినదా?

బరంపురం బాటసారి | ఆదివారం, రాత్రి 9:44

సాయంత్రమే అండీ. ఐదు దాటాక.

సరుగుడు నీడ | ఆదివారం, రాత్రి 10:05

అయితే సూర్యుడు దారి తప్పాడు. నేను ఛత్రపురంలో పుట్టి పెరిగినదాన్ని. గోపాలపూర్‌లో పొద్దు సముద్రంలోంచి పొడుస్తుంది కాని సముద్రంలో గుంకగా ఇంతవరకూ చూడలేదు. మనది తూర్పు తీరం. సాయంత్రం సముద్రం వైపు తిరిగితే సూర్యుడు వీపు వెనక ఉంటాడు.

ఇంకొకటి. కుడివైపు కింది మూలలో ఇసుక మీద పొడుగాటి మనిషి నీడ ఉంది, చేతులు ముఖం దగ్గర పెట్టుకుని. అది మీదే అనుకుంటాను. ఆ నీడ నేరుగా సూర్యుడి వైపు పడింది! పడవ అంచు మీద రాసిన అక్షరాలు కూడా చక్కగా చదవడానికి వస్తున్నాయి. వెనక నుంచి ఎండ కొడితే ఆ వైపు చీకటిగా ఉండాలి కదా.

నాగావళి | ఆదివారం, రాత్రి 10:21

నేను నీటిని చూసి పట్టుకున్నాను. ఆకాశంలో అంత ఎరుపు ఉంటే దాని కింద నీళ్లు లేత నీలంగా ఉండవు. ప్రతిబింబం ఎప్పుడూ అసలు వస్తువు కంటే ఒక మెట్టు చీకటిగానే ఉంటుంది, రంగు మాత్రం అదే.

బరంపురం బాటసారి | సోమవారం, ఉదయం 6:50

దొరికిపోయాను. రాత్రంతా ఏమని జవాబివ్వాలా అని ఆలోచించాను. ఆకాశాన్ని మార్చే సదుపాయం ఉన్న ఒక ఆప్‌లో వేలితో తాకితే వచ్చిన ఆకాశం అది. ఆ సూర్యుడు ఏ దేశంవాడో కూడా నాకు తెలియదు. నీడ సంగతి చదివి మా బావమరిది ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. అసలు ఫోటో కింద పెడుతున్నాను, తెల్లటి ఆకాశంతోనే. ఇప్పుడు నిజంగా అడుగుతున్నాను, గోపాలపూర్‌లో సంజ ఫోటో తీయడం కుదురుతుందా, కుదరదా?

పాత డార్క్‌రూం | సోమవారం, మధ్యాహ్నం 2:15

బాబూ, సిగ్గుపడకు. పర్లాకిమిడిలో నేను 31 సంవత్సరాలు స్టూడియో నడిపాను. మేమేమీ సత్యహరిశ్చంద్రులం కాదు. కొత్త దంపతుల వెనక నిండు చందమామ కావాలంటే, ముందు ఒక రీలు మీద చందమామను వరసగా తీసి పెట్టుకుని, ఆ రీలునే మళ్లీ కెమెరాలో ఎక్కించి పెళ్లిలో వాడేవాళ్లం. ఒకసారి లెక్క తప్పి చందమామ పెళ్లికొడుకు నుదుటి మీద పడింది. వాళ్ల అమ్మమ్మ అది శుభమని ఆ ప్రతిని కూడా అడిగి తీసుకుంది.

1990లో ఫ్యూజీవారి వెల్వియా స్లైడ్ ఫిల్మ్ వచ్చాక ఎరుపులు, ఆకుపచ్చలు కంటికి కనిపించే దానికంటే చిక్కగా వచ్చేవి. అదీ ఒక రకం దిద్దుబాటే, ఫ్యాక్టరీలో జరిగేది. కాబట్టి దిద్దడం తప్పని నేను అనను. నీ తప్పల్లా సూర్యుణ్ణి తెచ్చి ఎక్కడ పెట్టావో చూసుకోకపోవడం.

ఇక నీ అసలు ఫోటో. ఆకాశం తెల్లబోవడానికి కారణం నీ కెమెరా పడవలను చూసి వెలుగు కొలత తీసుకోవడం. చీకటి వస్తువు మీద కొలిస్తే అది మొత్తాన్నీ వెలుగులోకి లాగుతుంది, ఆకాశం కాలిపోతుంది. ఫిల్మ్ నెగెటివ్ అయితే వెలుగు ఎక్కువైనా కొంత తట్టుకునేది. డిజిటల్ దానికి పూర్తిగా ఎదురు. చీకటిలో దాగినదాన్ని తర్వాత కొంత పైకి తేవచ్చు కాని, తెల్లగా కాలిపోయిన చోట బ్రహ్మదేవుడు కూడా రంగు తేలేడు. సూర్యుడి పక్కనున్న ఆకాశం మీద, సూర్యుడు ఫ్రేములో లేకుండా, కొలత తీసుకుని దాన్నే పట్టి ఉంచి అప్పుడు కూర్పు సరిచేసుకో. ఫోనులో అయితే ఆకాశం మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే కొలత నిలిచిపోతుంది. తర్వాత పక్కనున్న గీతను కిందికి జరిపి వెలుగు తగ్గించు.

ప్రాణహిత ఒడ్డు | సోమవారం, రాత్రి 8:30

మీ గంజాం జిల్లా వాళ్లందరికీ సిరోంచ నుంచి నమస్కారం. మీ సూర్యుడు మీ దగ్గర గుంకాక దాదాపు 20 నిమిషాలకు మా దగ్గర గుంకుతాడు. మనందరి గడియారాలూ ఒకటే గాని, గోపాలపూర్‌కూ సిరోంచకూ మధ్య రేఖాంశంలో 5 డిగ్రీల తేడా ఉంది, డిగ్రీకి 4 నిమిషాలు.

మాకు ఇబ్బందే లేదు. నది మాకు పడమర. మేము మహారాష్ట్రలో నిలబడి తెలంగాణలో గుంకుతున్న సూర్యుణ్ణి తీస్తాం. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి గోదావరిలో కలుస్తుంది కదా, ఆ నీళ్ల మీద వెలుగు బాట నా కాళ్ల దాకా వస్తుంది. 2022 ఏప్రిల్‌లో పుష్కరాలకు వచ్చిన జనం ఆ బాటలో మునకలు వేస్తుంటే తీసిన ఫోటో మా ఇంటి గోడ మీద ఉంది. మీరందరూ ఒకసారి రండి, తిరిగి వెళ్లేటప్పుడు ఏ ఆప్ అవసరమూ ఉండదు.

సరుగుడు నీడ | సోమవారం, రాత్రి 8:52

ఊరించడం ఆపి మాకు పనికొచ్చేది చెప్పండి సార్! సూర్యుడు అంత పెద్దగా ఎలా వచ్చాడు మీ ఫోటోలో? నేను ఫోనుతో తీస్తే ఆవగింజంత వస్తాడు.

ప్రాణహిత ఒడ్డు | సోమవారం, రాత్రి 9:20

అది లెన్సు మహిమ. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ మాత్రమే. సెన్సర్ మీద పడే సూర్యబింబం ఎంత ఉంటుందో తెలియాలంటే లెన్సు మిల్లీమీటర్లను సుమారు 110తో భాగించండి. 50 మిల్లీమీటర్ల లెన్సుతో అర మిల్లీమీటరు కూడా రాదు. 400తో మూడున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. మామూలు ఫోను లెన్సు చూపు పెద్ద కెమెరాలో 26 మిల్లీమీటర్ల లెన్సు చూపుతో సమానం, అందుకే ఫ్రేము ఎత్తులో నూరో వంతు ఉంటాడు. ఆవగింజ అన్నది సరైన లెక్కే.

బరంపురం అప్పడమంత సూర్యుడు కావాలంటే పొడుగు లెన్సు కావాలి, పడవను కూడా దూరం నుంచి తీయాలి. నేను వంతెన దాటుతున్న సైకిలువాణ్ణి అర కిలోమీటరు దూరం నుంచి తీశాను. దగ్గరికి వెళ్లి ఉంటే మనిషి పెద్దగా, సూర్యుడు చుక్కలా వచ్చేవాడు.

జాగ్రత్త ఒకటి. సూర్యుడు ఇంకా పైన ఉండగా పొడుగు లెన్సు పెట్టి అద్దపు వ్యూఫైండర్‌లోంచి కన్ను పెట్టి చూడకండి. కంటికి ప్రమాదం. తెర మీద చూసుకోండి, అదీ ఎక్కువసేపు సూర్యుడి వైపు గురిపెట్టి ఉంచకుండా.

కొండదారి | మంగళవారం, ఉదయం 7:05

కొరాపుట్ నుంచి ఒక ముక్క. మాకు సముద్రమూ లేదు, అంత పెద్ద నదీ లేదు, కొండలే. దేవమాలి 1672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైన శిఖరం. అక్కడ నిలబడితే పడమటి కొండలు ఒకదాని వెనక ఒకటి, దగ్గరిది నల్లగా, దాని వెనకది ఊదాగా, చివరిది దాదాపు ఆకాశంలో కలిసిపోయి, మడతపెట్టిన పంచెల్లా కనిపిస్తాయి. సూర్యుడు ఫ్రేములో లేకపోయినా చాలు.

దుమ్ము, కాలుష్యం ఎక్కువైతే సంజ రంగులు బాగుంటాయని కొందరంటారు. నా అనుభవంలో అది అబద్ధం. గాలిలో దుమ్ము పేరుకుంటే రంగు మట్టిపాలవుతుంది, సూర్యుడు నేలను తాకకముందే బూడిద గుమ్మడికాయలా అయిపోతాడు. వాన వెలిసిన సాయంత్రం చూడండి, ఎంత తేటగా ఉంటుందో. ఎర్రటి రంగుకు కారణం గాలి అణువులే. నెత్తిన ఉన్నప్పటి కంటే నేలకు తాకబోయేటప్పుడు సూర్యుడి వెలుగు 35 రెట్లకు పైగా గాలిని దాటి రావాలి. దారిలో నీలం అంతా చెదిరిపోయి ఎరుపు, నారింజ మిగులుతాయి. దుమ్ము వల్ల రంగు వచ్చిన సందర్భమూ లేకపోలేదు. 1883లో క్రాకటోవా అగ్నిపర్వతం పేలాక కొన్ని నెలలు ప్రపంచమంతా సంజలు నెత్తుటి రంగులో మండాయి. అది మాత్రం చాలా పైన, స్ట్రాటోస్ఫియర్‌లో చేరిన సన్నటి పొర వల్ల. మన ఊరి ఇటుక బట్టీల పొగ ఆ పని చేయదు.

బరంపురం బాటసారి | మంగళవారం, రాత్రి 10:10

అందరికీ కృతజ్ఞతలు. కాని నా ప్రశ్న అలాగే ఉంది. సిరోంచ వెళ్లలేను, దేవమాలి ఎక్కలేను, ఆదివారం ఒక్కటే సెలవు. గోపాలపూర్‌లో ఏం చేయాలి?

సరుగుడు నీడ | బుధవారం, ఉదయం 5:58

చెబుతాను, బడికి వెళ్లే ముందు.

సూర్యుడు రోజూ సరిగ్గా పడమరలో గుంకడు. మన అక్షాంశంలో జూన్‌లో పడమరకు ఉత్తరంగా 25 డిగ్రీలు, డిసెంబరులో దక్షిణంగా 25 డిగ్రీలు జరుగుతాడు. చెయ్యి బారుగా చాచి పిడికిలి బిగిస్తే 10 డిగ్రీలనుకుంటే, ఏడాది మొత్తం మీద ఐదు పిడికిళ్ల దూరం తిరుగుతాడు. ఇక మన తీరం నేరుగా ఉత్తర దక్షిణాలుగా లేదు, నైరుతి వైపు వాలి ఉంది. అంటే వేసవిలో సూర్యుడు ఊరి వెనక ఎక్కడో పోతాడు. ఇప్పుడు, ఈ చలికాలంలో మాత్రం తీరరేఖకు దగ్గరగా వస్తాడు.

కాబట్టి సముద్రానికి ఎదురుగా నిలబడకండి. నీటి అంచున నైరుతికి తిరిగి నిలబడండి. ఎడమ చేతి వైపు అలలు, కుడి చేతి వైపు సరుగుడు చెట్లు, వాటి మీద సూర్యుడు, మూడూ ఒకే ఫ్రేములోకి వస్తాయి. అల వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక కొన్ని క్షణాలు అద్దమైపోతుంది. ఆ అద్దం కోసమే ఆగండి. కెమెరాను మోకాలి ఎత్తుకు దించితే అద్దం ఇంకా పెద్దగా వస్తుంది. చెప్పులు మాత్రం వెనకెక్కడైనా విడిచి వెళ్లండి, నావి రెండు జతలు బంగాళాఖాతానికి సమర్పించాను.

క్షితిజం వంకరగా ఉంటే సముద్రం ఒలికిపోతున్నట్టు ఉంటుంది. తెర మీద గళ్ల గీతలు పెట్టుకోండి. అద్దం బాగుంటే క్షితిజాన్ని పైకి జరిపి ఇసుకకు చోటివ్వండి, మబ్బులు బాగుంటే కిందికి. రెండూ సగం సగం పెట్టడం దేన్ని చూపాలో తేల్చుకోలేనివారి పని.

పాత డార్క్‌రూం | బుధవారం, మధ్యాహ్నం 1:40

టీచరమ్మ చివరి వాక్యంతో తగవు పడతాను. నీళ్లు కదలకుండా ఉండి ప్రతిబింబం పూర్తిగా వచ్చినప్పుడు సగానికి సగం పెట్టడమే న్యాయం. మహేంద్రతనయ ఒడ్డున నేను తీసిన మంచి ఫోటోలు అలాంటివే. మిగతాదంతా ఒప్పుకుంటాను.

నల్లని ఆకారాల గురించి కూడా ఒక మాట. ఒకదాని మీద ఒకటి పడకూడదు. మనిషి తల పడవ కొయ్యకు తగిలితే కొయ్యకు తల మొలిచినట్టు ఉంటుంది. ఇద్దరి మధ్య వెలుగు సందు కనపడాలి. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచిన చిన్న రైలును నేను సాయంత్రాలు తీసేవాణ్ణి. పొగ మీద వెనక నుంచి ఎండ పడితే ఎంత అందమో! కాని కట్ట మీద నడిచే మనిషి ఇంజనుకు అతుక్కుపోయి ఎన్ని ఫ్రేములు పాడయ్యాయో లెక్కలేదు. ఒక్క అడుగు పక్కకు జరిగి ఉంటే సరిపోయేది. సూర్యుడు తన వెడల్పంత దిగడానికి రెండు నిమిషాల పైనే పడుతుంది, ఆ ఒక్క అడుగు వేయడానికి వ్యవధి ఉంటుంది.

నాగావళి | బుధవారం, రాత్రి 11:30

దిద్దుబాటు సంగతి నేను చెబుతాను, రాయగడలో పెళ్లి ఆల్బమ్‌లు కూర్చడమే నా వృత్తి.

ముందు మీ తెరను చూసుకోండి. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని తెరను పసుపుగా మార్చే అమరిక ఒకటి ఉంటుంది. అది ఆపకుండా నేను ఒక పెళ్లి మొత్తం దిద్దాను. తెల్లవారి చూస్తే అందరూ నీలంగా, చలికి కొయ్యబారిన వాళ్లలా ఉన్నారు. రెండు రాత్రుల పని మళ్లీ చేశాను.

తీసేటప్పుడు రా ఫైలుగా, అంటే కెమెరా తన దిద్దుబాటు ఏదీ చేయకుండా దాచే ఫైలుగా తీయండి. రంగు సమతూకాన్ని కెమెరాకు వదిలేస్తే, సంజ ఎరుపు ఏదో పొరపాటనుకుని దాన్ని తుడిచేయబోతుంది. పగటి ఎండకు వాడే 5200 నుంచి 5500 కెల్విన్ల మధ్య స్థిరంగా పెట్టండి, ఉన్న రంగు ఉన్నట్టు వస్తుంది. ఇంకా వెచ్చగా కావాలంటే 6000, 6500. అంతకు మించితే ఇసుక పసుపు ముద్దలా అవుతుంది.

తర్వాత వెలుగు భాగాలను దించండి. నీడలను కొద్దిగానే లేపండి. ఇక్కడే అందరూ కాలు జారుతారు. నీడలను పూర్తిగా లేపితే పడవలో తాళ్లు, బకెట్లు అన్నీ కనిపిస్తాయి, చీకట్లో నుంచి రంగు మచ్చలు కూడా లేస్తాయి, చెట్ల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది. సంజవేళ పడవ నల్లగా ఉండడమే సహజం, దాన్ని వదిలేయండి. ఆకాశానికి మాత్రం పై నుంచి కిందికి మెల్లగా తగ్గే ముసుగు వేసి వెలుగు అర మెట్టు తగ్గిస్తే చాలు.

రంగుల చిక్కదనం మీట జోలికి ఆఖరున వెళ్లండి, అది కూడా 10 దాటకుండా. ఎరుపు ముందుగా నిండిపోతుంది. నిండిపోయాక సూర్యుడి చుట్టూ మెట్లు మెట్లుగా వలయాలు కనిపిస్తాయి, కొలనులో రాయి వేసినట్టు. ఆ వలయాలు వస్తే చిక్కదనం తగ్గించి, నారింజ రంగు వెలుగును మాత్రం కొంచెం దించండి. రంగు దానంతటదే లోతుగా కనిపిస్తుంది. దిద్దిన ఫోటోను రాత్రే ఎక్కడా పెట్టకండి. పొద్దున ఇడ్లీ తిన్నాక ఇంకోసారి చూసి, మీటలన్నీ మూడో వంతు వెనక్కి జరపండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

వీటికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. ఫోనులో స్నాప్‌సీడ్, కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్ ఉచితంగానే దొరుకుతాయి.

బరంపురం బాటసారి | ఆదివారం, రాత్రి 9:30

వెళ్లి వచ్చాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

నాలుగున్నరకు చేరాం. ఫోనుతో మొదట తీసిన ఫోటోలన్నిటిలో సూర్యుడి నుంచి పైకీ కిందికీ ఒక వెలుగు చార. లెన్సు పాడైందని గుండె ఆగినంత పనైంది. చూస్తే మా బావమరిది మిరపకాయ బజ్జీ తిన్న వేలు దాని మీద పెట్టాడు. చొక్కా అంచుతో తుడిస్తే చార పోయింది.

టీచరు గారు చెప్పినట్టు నైరుతికి తిరిగి నిలబడ్డాను. అలలు, సరుగుడు, సూర్యుడు నిజంగానే ఒకే ఫ్రేములోకి వచ్చాయి. తడి ఇసుక అద్దం మూడుసార్లు దొరికింది, నాలుగోసారి నా ప్యాంటు మోకాళ్ల దాకా తడిసింది. 5 గంటల 12 నిమిషాలకు పొద్దు గుంకింది. వల సర్దుకుంటున్న ఇద్దరు జాలరులను, డార్క్‌రూం మాస్టారు చెప్పినట్టు మధ్యలో వెలుగు సందు ఉండేలా తీశాను. నా జీవితంలో తీసిన మంచి ఫోటో అదేననిపించింది. వాళ్లు మన తెలుగువాళ్లే, ఇక్కడ నోలియాలంటారు. అడిగే తీశాను. చూపించాను. పెద్దాయన తెరను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసి, "బాగుంది బాబూ, ఇందులో నేనెవరిని?" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఇద్దరూ నల్లగా ఉన్నారు, ఒకే ఎత్తు. ఆయన నవ్వి, "మా ఆవిడకు చూపిస్తే కాకి అనుకుంటుంది, ముఖం కనపడేలా తియ్యి" అని సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డాడు.

సూర్యుడు అప్పటికే దిగిపోయాడు, ఇక వెలుగెక్కడ ఉంటుందిలే అనుకుంటూ అటు తిరిగాను. ఆయన వెనక సముద్రం మీద ఒక వింత. నీళ్లకు ఆనుకుని బూడిద కలిసిన నీలం పట్టీ, దాని మీద లేత గులాబీ పట్టీ, ఆ గులాబీలో నిండు చందమామ. ఆయన ముఖం మీద పడమటి ఆకాశపు వెలుగు మెత్తగా పడి గడ్డం వెంట్రుకలు కూడా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నాయి. అదే ఫోటో కింద పెట్టాను. నాగావళి గారు చెప్పిన ఆకాశపు ముసుగు వేయడం తప్ప ఇంకేమీ చేయలేదు. ఆ నీలం పట్టీ ఏమిటి? మబ్బా?

కొండదారి | ఆదివారం, రాత్రి 9:55

మబ్బు కాదు, అది భూమి నీడ! సూర్యుడు పడమట దిగాక భూమి నీడ తూర్పు ఆకాశం మీద పడి మెల్లగా పైకి లేస్తుంది. దాని మీది గులాబీ పట్టీ, నీడ పైనున్న గాలికి ఇంకా తగులుతున్న ఎర్రటి వెలుగు. పది పదిహేను నిమిషాలుంటుంది, తర్వాత నీడ పైకి లేచి చీకట్లో కలిసిపోతుంది. మా కొండల్లో తూర్పున ఇంకో కొండ అడ్డం వస్తుంది కాబట్టి అంచు దాకా చూడడం కష్టం. మీకు ఎదురుగా బంగాళాఖాతమంతా ఖాళీ. ప్రాణహిత వారు ఇక ఊరించలేరు.

ప్రాణహిత ఒడ్డు | ఆదివారం, రాత్రి 10:02

ఒప్పుకున్నాను. ఆ పెద్దాయన ముఖం ముందు మా వెలుగు బాట దిగదుడుపే. ఇన్నాళ్లూ నేను నదికి వీపు పెట్టి ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. రేపు సాయంత్రం ఊరి వైపు తిరిగి చూస్తాను.

సరుగుడు నీడ | ఆదివారం, రాత్రి 10:20

చందమామ ఊరికే రాలేదు బాటసారి గారూ. రేపు కార్తీక పౌర్ణమి. నిండు జాబిల్లి సూర్యుడు గుంకే వేళకు అటూ ఇటూగా తూర్పున పొడుస్తుంది. ముందురోజు ఇంకా కొంచెం ముందుగా పొడుస్తుంది కాబట్టి పొద్దు గుంకేసరికే ఆకాశంలో ఉంటుంది, నేల మీద వెలుగు కూడా మిగిలే ఉంటుంది. రేపు ప్రయత్నిస్తే నేల చీకటైపోయి చందమామ తెల్లటి రంధ్రంలా వచ్చే ప్రమాదం ఉంది.

తెల్లవారుజామున చిన్న చిన్న పడవలు నీళ్లలో వదులుతారు, బోయిత బందాణ. లేవగలిగితే వెళ్లండి. అప్పుడైతే సూర్యుడు నిజంగానే సముద్రంలో ఉంటాడు, ఏ ఆప్ అక్కరలేదు.

నాగావళి | ఆదివారం, రాత్రి 10:48

ఆ ఫోటోను ఇంకేమీ చేయకండి. గులాబీ లేతగా ఉందని రంగు పెంచాలనిపిస్తుంది, చెయ్యి కట్టేసుకోండి. ముఖం చర్మం కూడా అదే రంగు కుటుంబంలోది, గులాబీ పెంచితే ఆయన ముఖం కందిపోయినట్టు అవుతుంది. ఎడమ అంచున ఎవరిదో ప్లాస్టిక్ సీసా ఉంది, అది మాత్రం కత్తిరించేయండి.

పాత డార్క్‌రూం | సోమవారం, ఉదయం 8:15

ఆయనకు ప్రతి వేయించి ఇస్తావు కదా? ఇవ్వకపోతే నీతో మాట్లాడను. 8 అంగుళాలకు 12 చాలు, నీ ఫైలు దానికి హాయిగా సరిపోతుంది. తెర మీది వెలుగు కాగితానికి ఉండదు, కాబట్టి ముద్రకు ఇచ్చే ముందు ఫోటోను ఒక పిసరు వెలుగు చెయ్యి. మామూలు ల్యాబుకు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పరిధిలోనే ఇవ్వు, ఇంకేదైనా పెద్ద రంగుల పరిధిలో ఇస్తే సంజ చచ్చిపోయి వస్తుంది. మెరుపు కాగితం వద్దు, మ్యాట్ తీసుకో, గుడిసెలో కిటికీ వెలుగు పడినా కనిపిస్తుంది.

బరంపురం బాటసారి | సోమవారం, రాత్రి 9:05

ఇస్తాను మాస్టారూ, మాట. క్యాలెండరుకు మాత్రం సంఘం వాళ్లు నల్లని ఆకారాల ఫోటోనే కోరుకున్నారు. ముఖం ఉన్నది పెడితే అది ఎవరి ఫోటో అని ఊరంతా అడుగుతారట. నేను వాదించలేదు, కాని జనవరి పేజీకి కాదు, నవంబరు పేజీకి వేయమన్నాను, తీసిన నెల అదే కాబట్టి.

వచ్చే ఆదివారం ప్రతి పట్టుకుని వెళ్తున్నాను. ఎవరైనా వస్తారా? నాలుగున్నరకు లైట్‌హౌస్ దగ్గర ఉంటాను. బావమరిది కూడా వస్తాడు, బజ్జీలు మాత్రం ఫోటోలయ్యాకే.

సరుగుడు నీడ | సోమవారం, రాత్రి 9:11

నేను వస్తాను. పాత చెప్పులతో.